లొరెట్టా లిన్ తొలి రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కంట్రీ మ్యూజిక్ (అమెరికా పల్లెల్లో పుట్టిన పాట) అంటే ఇష్టమని చెప్పగానే నన్ను చాలామంది అడిగేది లొరెట్టా లిన్ గురించే. సంగీతం నేర్చుకోలేదట కదా, చిన్నప్పుడే పెళ్లయిందట కదా, భర్తే గిటార్ కొనిచ్చాడట కదా అని. ఆమె పెద్ద స్టార్ అయ్యాక జరిగినవి ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ప్రాణం అనిపించేది అంతకు ముందు కాలం. అందుకే 1953లో గిటార్ చేతికొచ్చిన రోజు నుంచి 1960ల మొదట్లో కంట్రీ పాటకి రాజధాని లాంటి నాష్‌విల్‌లో నిలదొక్కుకునే వరకు జరిగిన సంగతులే ఇక్కడ ఎక్కువగా చెప్తున్నాను.

లొరెట్టా లిన్ ఎవరు?

అమెరికన్ కంట్రీ గాయని. తన పాటలు తానే రాసుకునేది. 1932 ఏప్రిల్ 14న కెంటకీ రాష్ట్రంలో పుట్టింది. 2022 అక్టోబర్ 4న టెనెసీలో, హరికేన్ మిల్స్‌లోని తన ఇంట్లో కన్నుమూసింది. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఇచ్చే ‘ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్’ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆమే. అది 1972లో.

పుట్టిన ఊరు ఎలాంటిది?

ఊరి పేరు బుచర్ హాలర్. అక్కడివాళ్లు కొండల మధ్య సన్నటి లోయని ‘హాలర్’ అంటారు. అపలాచియన్ కొండల్లో, వాన్ లియర్ అనే బొగ్గు ఊరి పక్కన ఉంటుంది. తండ్రి మెల్విన్ వెబ్‌ని అందరూ టెడ్ అనేవాళ్లు. బొగ్గుబాయిలో పని, దాంతో పాటు కొండవాలు మీద ఇంటి తిండికి సరిపడా సేద్యం. తల్లి క్లారా. ఎనిమిది మంది పిల్లల్లో లొరెట్టా రెండోది. హాలీవుడ్ నటి లొరెట్టా యంగ్ పేరు పెట్టారు.

ఇంట్లో కరెంటు లేదు. కొన్నాళ్లకి తండ్రి ఒక బ్యాటరీ రేడియో కొన్నాడు. శనివారం రాత్రి అయితే నాష్‌విల్ నుంచి వచ్చే ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అనే కంట్రీ పాటల కార్యక్రమం వినడం ఆ ఇంటి అలవాటు. సంగీతం ఆమెకి అలా చెవుల్లో పడిందే తప్ప ఎవరూ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది కాదు.

ఇక్కడ నా మాట ఒకటి. మా నాన్న కొత్తగూడెం దగ్గర బొగ్గుబాయిలో పని చేశాడు. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే ఇంటికొచ్చి ఎంత రుద్దుకుని స్నానం చేసినా, కళ్ల అంచున సన్నటి నల్లగీత మిగిలిపోయేది, కాటుక పెట్టుకున్నట్టు. లొరెట్టా తన ఇంటి గురించి రాసిన ‘కోల్ మైనర్స్ డాటర్’ (బొగ్గుబాయి కార్మికుడి కూతురు) పాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ గీతే గుర్తొచ్చింది. పాట ఇంగ్లీషులో ఉన్నా, ఊరు ఏ కొండల్లో ఉందో తెలియకపోయినా, అందులో ఉన్న ఇల్లు నాకు తెలుసు.

పదమూడేళ్లకే పెళ్లయిందంటారు, నిజమేనా?

కాదు, పదిహేనేళ్లకి. 1948 జనవరి 10న ఆలివర్ లిన్‌ని పెళ్లి చేసుకుంది. ఆయన్ని అందరూ ‘డూలిటిల్’ అని, ముద్దుగా ‘డూ’ అని పిలిచేవాళ్లు. పదమూడేళ్లు అనే మాట చాలాకాలం ప్రచారంలో ఉంది. ఆమె ఆత్మకథలోనూ, ఆమె జీవితం మీద 1980లో వచ్చిన సినిమాలోనూ అదే ఉంది. 2012లో పుట్టిన తేదీ, పెళ్లి తేదీ రికార్డులు బయటికొచ్చాక అసలు వయసు తేలింది.

పదిహేనైనా పసితనమే కదా. పెళ్లయిన ఏడాదే, కడుపుతో ఉండగానే ఊరు వదిలి దేశానికి ఆ చివర ఉన్న వాషింగ్టన్ రాష్ట్రానికి వెళ్లిపోయింది. కెనడా సరిహద్దుకి దగ్గర్లో కస్టర్ అనే చిన్న ఊరు. అక్కడ భర్త చెట్లు కొట్టే పనికి వెళ్లేవాడు. ఆమె ఇంటిపని చేసుకుంటూ స్ట్రాబెర్రీ తోటల్లో కూలికి పోయేది. ఇరవైల మొదట్లోనే నలుగురు పిల్లల తల్లి. ఇంట్లో పండ్లూ కూరలూ సీసాల్లో నిలవపెట్టి, జిల్లా సంతలో జరిగే పోటీల్లో బహుమతులు కూడా తెచ్చుకుంది. పాటకంటే ముందు ఆమెకి పేరొచ్చింది ఆ సీసాలతోనే.

ఆ 17 డాలర్ల గిటార్ కథ ఏమిటి?

1953లో డూ ఆమెకి ఒక హార్మనీ కంపెనీ గిటార్ కొనిచ్చాడు. ధర 17 డాలర్లు. కూలి డబ్బుతో బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. ఇంటిపని చేసుకుంటూ, పిల్లల్ని జోకొడుతూ ఆమె పాడుకోవడం ఆయన రోజూ వినేవాడు. రేడియోలో పాడే చాలామందికంటే ఈమే బాగా పాడుతోందని ఆయనకి గట్టి నమ్మకం. గిటార్ చేతికిచ్చి, నేర్చుకో అన్నాడు. ఎలా నేర్చుకోవాలో మాత్రం ఆయనకీ తెలియదు.

అప్పటికి ఆమెకి 21 ఏళ్లు. మొదటి రికార్డు వచ్చింది 1960లో. ఈ ఏడేళ్లని కథ చెప్పేవాళ్లు ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో ఆమె జీవితంలో అసలైన చదువు ఆ ఏడేళ్లే.

గురువు లేకుండా గిటార్ ఎలా వచ్చింది?

మొదట చెప్పాల్సింది, కంట్రీ పాటల్లో చాలావాటికి మూడు కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా తీగలు నొక్కే పద్ధతులు) వస్తే చాలు. ఆ మూడింటి మధ్య వేళ్లు తడుముకోకుండా మారగలిగితే పాటకి తోడు వాయించుకోవచ్చు. చెప్పినంత తేలిక కాదు. గిటార్ మొదలుపెట్టిన మొదటి నెలలో నా ఎడమచేతి వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయి, అన్నం కలుపుకునే చేయి కాదు కాబట్టి సరిపోయింది అనుకున్నాను. ఉక్కు తీగలు నొక్కీ నొక్కీ వేలి చివర చర్మం కాయకట్టాక గానీ శబ్దం శుభ్రంగా రాదు. నాకు మధ్యాహ్నాలు ఖాళీ ఉండేది, నేర్పేవాళ్లూ ఉన్నారు. ఆమెకి దొరికిందల్లా పిల్లలు నిద్రపోయాక మిగిలిన సమయం. చెవిలో ఉన్న రాగాన్ని తీగల మీద వెతుక్కోవడమే ఆమె సాధన. మూడేళ్లపాటు అలా గడిచింది.

ఆమె ఎప్పుడూ గొప్ప గిటార్ వాద్యకారిణి కాలేదు, అవ్వాలనీ చూడలేదు. పాట కట్టుకోవడానికి ఎంత కావాలో అంతే నేర్చుకుంది. ఇది తక్కువ చేసి చెప్పడం కాదు. పాట రాసేవాళ్లకి గిటార్ పీటలాంటిది, కూర్చుని పని చేసుకోవడానికి.

పాటలు రాయడం ఎవరు నేర్పారు?

ఎవరూ నేర్పలేదు. ఆమె బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆ రోజుల్లో కంట్రీ పాటల సాహిత్యం అచ్చువేసే పత్రికలు ఉండేవి. వాటిల్లో పాటలు చూసి, పల్లవి ఎక్కడొస్తోంది, చరణం ఎంత పొడుగుంది అని తనే అర్థం చేసుకుంది. ఇదేమంత కష్టం, నేనూ రాయగలను అనుకుంది.

మొదట రాసిన పాట ‘విస్పరింగ్ సీ’. పోయిన ప్రేమని తలుచుకుని సముద్రంతో మాట్లాడే పాట. అందరూ రాసే తరహాలోనే ఉంటుంది. కొన్నేళ్లు గడిచాక ఆమె కలం ఇంట్లోకి తిరిగింది. తాగొచ్చే మొగుడు, అతని మీద కన్నేసిన ఆడది, చాకిరీ, కోపం, అన్నీ పాటలోకి వచ్చేశాయి. ఏది పాట అవుతుంది, ఏది కాదు అని గీత గీసి చెప్పేవాళ్లు పక్కన లేకపోవడమే ఆమెకి మేలు చేసిందని నేను గట్టిగా నమ్ముతాను. నాష్‌విల్‌లో పాటలు రాసే మగవాళ్ల మధ్య పెరిగి ఉంటే, ఇలాంటివి ఆడవాళ్లు పాడరమ్మా అని మొదటి రోజే ఎవరో ఒకరు ఆపేసేవాళ్లు.

భర్త మంచివాడా, చెడ్డవాడా?

రెండూ. గిటార్ కొన్నది ఆయనే. సిగ్గుతో ముడుచుకుపోయే మనిషిని స్టేజీ ఎక్కించిందీ, ఊరూరా తిప్పిందీ ఆయనే. తాగి గొడవ చేసింది, వేరే ఆడవాళ్ల వెంట పడింది కూడా ఆయనే. వాళ్ల మధ్య చేయిచేసుకోవడాలు జరిగాయి. ఆమె వాటిని ఎప్పుడూ దాచలేదు, తానూ ఊరుకోలేదని చెప్పింది. 1996లో ఆయన చనిపోయేవరకు ఇద్దరూ కలిసే ఉన్నారు. ఆయన లేకపోతే తన కెరీరే లేదని ఆమె ఎన్నోసార్లు అంది. అది ఆమె మాట, గౌరవించాలి. అలాగని ఆయన చేసినవన్నీ ఒప్పయిపోవు.

మొదట ఎక్కడ పాడింది?

కస్టర్ దగ్గర్లోని డెల్టా గ్రేంజ్ హాల్‌లో. గ్రేంజ్ అంటే అమెరికాలో రైతుల సంఘం. వాళ్ల హాల్లో శని ఆదివారాల్లో డాన్సులు జరిగేవి. నా భార్య చాలా బాగా పాడుతుందని డూ అక్కడి బ్యాండ్ వాళ్ల దగ్గర గొప్పలు చెప్పి ఒప్పించాడు. ఆమెకి మాత్రం టెన్షన్‌తో నోట మాట రాలేదు. ముందు వెస్టర్నియర్స్ అనే స్థానిక బ్యాండ్‌తో పాడింది. తర్వాత సొంతంగా ‘ట్రెయిల్‌బ్లేజర్స్’ అని ఒక బ్యాండ్ పెట్టుకుంది. అందులో గిటార్ వాయించింది తమ్ముడు జే లీ వెబ్. సరిహద్దు పక్కనే ఉన్న బ్లెయిన్ ఊరి బార్లలో రాత్రుళ్లు పాడేవాళ్లు. బార్లో పాడటం మంచి శిక్షణ. తాగుతున్న జనం పాట నచ్చకపోతే మొహమాటపడరు.

రికార్డు చేసే అవకాశం ఎలా వచ్చింది?

టకోమా నగరంలో కంట్రీ గాయకుడు బక్ ఓవెన్స్ నడిపే టీవీ కార్యక్రమంలో పోటీకి వెళ్లి గెలిచింది. బహుమతి ఒక చేతి గడియారం. బక్ ఓవెన్స్ కూడా అప్పటికింకా పెద్ద స్టార్ కాలేదు. ఆ రోజుల్లోనే ఆమె పాట కెనడాలోని వాంకూవర్‌కి చెందిన నార్మ్ బర్లీ అనే కలప వ్యాపారి చెవిన పడింది. ఆయన డబ్బు పెట్టి నడిపిన చిన్న కంపెనీ పేరు ‘జీరో రికార్డ్స్’. 1960 ఫిబ్రవరి 2న ఆమె ఆ కంపెనీతో ఒప్పందం మీద సంతకం చేసింది. తర్వాత పెద్ద కంపెనీ పిలిచినప్పుడు బర్లీ అడ్డుపడకుండా ఆమెని వదిలేశాడు. ఇలాంటి పెద్దమనిషి తొలి మెట్టు మీదే దొరకడం ఎంత అదృష్టమో, పాటల వ్యాపారం తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మొదటి రికార్డింగ్ ఎక్కడ జరిగింది?

హాలీవుడ్‌లో, వెస్టర్న్ రికార్డర్స్ స్టూడియోలో. మొత్తం నాలుగు పాటలు, నాలుగూ ఆమె రాసినవే. పక్కన స్టీల్ గిటార్ (పడుకోబెట్టి, తీగల మీద లోహపు కడ్డీ జారుస్తూ వాయించే గిటార్) వాయించింది స్పీడీ వెస్ట్. ఆ వాద్యంలో అప్పటికే ఆయన పేరు మోగిపోతోంది. బార్లలో పాడుకునే అమ్మాయి పక్కన అంతటి వాద్యకారుడు కూర్చున్నాడంటే ఆ రోజు ఆమె గుండె ఎలా కొట్టుకుందో! ఆ రికార్డు ఇప్పుడు వింటే గొంతు ఎక్కడా వణకదు.

‘హాంకీ టాంక్ గర్ల్’ ఎవరి గురించి?

ఆ నాలుగు పాటల్లో ఒకటి ఇది. హాంకీ టాంక్ అంటే తాగుడూ, పాటా, డాన్సూ ఉండే చవక బారు. బారులో కన్నీళ్లు పెట్టుకుంటున్న ఒక ఆడమనిషిని చూసి ఆ పాట కట్టింది. మొగుడు వదిలేశాక బార్ల పాలైన మనిషి తన కథ తానే చెప్పుకుంటుంది. అలాంటి మనిషిని తప్పుపట్టే పాటలు అప్పటికి బోలెడు. లొరెట్టా తప్పుపట్టలేదు, పక్కన కూర్చుంది.

కారులో రేడియో స్టేషన్లు తిరిగారంటారు, ఎలా?

జీరో రికార్డ్స్‌కి ప్రచారం చేసే మనుషుల్లేరు. కాబట్టి ఆ పని మొగుడూ పెళ్లాం చేశారు. డూ తనే లొరెట్టా ఫోటో తీసి, రికార్డుతో కలిపి కవర్లలో పెట్టి స్టేషన్లకి పోస్ట్ చేశాడు. ఆ తర్వాత ఇద్దరూ కారెక్కారు.

దారిలో ఎక్కడ రేడియో టవర్ కనపడితే అక్కడికి కారు తిప్పేవాళ్లు. లోపలికెళ్లి డీజేని (రేడియోలో పాటలు వేసే మనిషిని) పలకరించి, మా రికార్డు వచ్చిందా, ఒక్కసారి వేస్తారా అని అడగడమే పని. తిండి బ్రెడ్డు మధ్యలో చవకరకం మాంసం ముక్క, చీజ్. నిద్ర కారులోనే. స్టేషన్ దగ్గర పడగానే ఆమె వెనకసీట్లో మంచి గౌను వేసుకుని, పని అయిపోయాక మళ్లీ విప్పి జాగ్రత్తగా మడతపెట్టేది.

ఈ పద్ధతి ఎందుకు పని చేసిందో అర్థం చేసుకోవాలంటే అప్పటి రేడియో ఎలా నడిచేదో తెలియాలి. చిన్న ఊళ్ల స్టేషన్లలో ఏ పాట వేయాలో చాలావరకు డీజే ఇష్టం. రికార్డుల కట్టలు వారం వారం వచ్చి పడుతుంటాయి, అన్నీ వినే తీరిక ఎవరికీ ఉండదు. పాడిన మనిషే తలుపు తట్టి, కెంటకీ యాసలో దాపరికం లేకుండా మాట్లాడితే ఆ రికార్డు కట్టలోంచి పైకొస్తుంది. ఇలా ఒక్కో స్టేషన్‌లో పాట మోగుతూ ఉంటే, 1960 వేసవికి అది బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ చార్ట్‌లోకి, అంటే పాటల ర్యాంకుల పట్టికలోకి ఎక్కింది. చివరికి 14వ స్థానం దాకా వెళ్లింది. పేరూ ఊరూ లేని కంపెనీ, కొత్త గొంతు, సొంత పాట. వీటితో అంత పైకి వెళ్లడం అప్పట్లో మామూలు విషయం కాదు.

తండ్రి ఆ పాట విన్నాడా?

లేదు. 1959లోనే పోయాడు. ఆమె వాషింగ్టన్ రాష్ట్రం వెళ్లిపోయాక వెబ్ కుటుంబం ఇండియానాలోని వాబాష్‌కి మారింది. కూతురు గొంతు రేడియోలో వచ్చిన రోజు చూడకుండానే వెళ్లిపోయాడు. పదేళ్ల తర్వాత ఆయన గురించి అంత వివరంగా పాట రాయడానికి ఈ లోటు కూడా కారణమేమో అని నాకు అనిపిస్తుంటుంది.

గ్రాండ్ ఓల్ ఆప్రీలో మొదటిసారి ఎప్పుడు పాడింది?

1960 అక్టోబర్ 15న. ఆప్రీ అప్పట్లో నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో జరిగేది. ఆ ఊళ్లో మొదటి రాత్రి ఇద్దరూ ఆ భవనం ముందే కారులో పడుకున్నారు. చిన్నప్పుడు బ్యాటరీ రేడియోలో విన్న స్టేజీ మీద నిలబడి తన సొంత పాట పాడింది. తర్వాత అడిగితే, పాదంతో తాళం వేయడం తప్ప ఆ రాత్రి ఇంకేదీ గుర్తులేదని చెప్పింది. 1962 సెప్టెంబర్‌లో ఆప్రీ సభ్యత్వం ఇచ్చారు.

డెక్కా లాంటి పెద్ద కంపెనీ ఎలా తీసుకుంది?

ఒక పాటకి బదులుగా. నాష్‌విల్ వచ్చాక గాయకులైన విల్‌బర్న్ సోదరులు, టెడ్డీ, డోయల్, ఆమెకి అండగా నిలిచారు. వాళ్ల పాటల కంపెనీ కోసం ఆమె డెమోలు పాడేది. డెమో అంటే, ఈ పాట ఇలా ఉంటుంది అని వేరే గాయకులకి వినిపించడానికి పాడి ఉంచే రికార్డింగ్. అలా పాడిన వాటిలో ‘ఫూల్ నంబర్ వన్’ ఒకటి. డెక్కాలో నిర్ణయాలు తీసుకునే ఓవెన్ బ్రాడ్లీకి ఆ డెమో వినిపించారు. ఆయనకి పాట నచ్చింది, గాయని బ్రెండా లీ చేత పాడించాలనుకున్నాడు. డెమో పాడిన అమ్మాయి అవసరం ఆయనకి లేదు, ఆయన దగ్గర అప్పటికే కిట్టీ వెల్స్, ప్యాట్సీ క్లైన్ లాంటి పేరున్న కంట్రీ గాయనులు ఉన్నారు. పాట కావాలంటే అమ్మాయినీ తీసుకోవాల్సిందే అని డోయల్ పట్టుబట్టాడు. బ్రెండా లీకి ఆ పాట 1961లో పెద్ద హిట్ అయింది, లొరెట్టాకి డెక్కా దొరికింది.

1962లో ‘సక్సెస్’ పాట కంట్రీ చార్ట్‌లో ఆరో స్థానానికి వెళ్లింది. ఆ పాట మాత్రం ఆమె రాసింది కాదు. తర్వాత విల్‌బర్న్ సోదరుల టీవీ షోలో ప్రతివారం కనపడటంతో ఇంటింటికీ తెలిసిపోయింది.

వాళ్లతో గొడవ కూడా అయిందట?

అయింది, అది 1970ల మాట. తొలిరోజుల్లో సంతకం చేసిన ఒప్పందాలు కోర్టు దాకా వెళ్లాయి. ఆమె రాసిన ఎన్నో పాటల హక్కులు వాళ్ల కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. ఆ కాలంలో ఆమె రాయడం బాగా తగ్గించేసింది. పాట రాసేవాళ్లు ఎవరైనా ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

ప్యాట్సీ క్లైన్‌తో స్నేహం ఎలా కుదిరింది?

1961 జూన్‌లో ప్యాట్సీ క్లైన్ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి ఆసుపత్రిలో ఉంది. అప్పుడు లొరెట్టా ఒక శనివారం రాత్రి కంట్రీ గాయకుడు ఎర్నెస్ట్ టబ్ నడిపే రేడియో కార్యక్రమంలో ప్యాట్సీ పాట ‘ఐ ఫాల్ టు పీసెస్’ పాడి, ఇది ఆమె కోసం అని చెప్పింది. ఆసుపత్రిలో ఆ పాట విన్న ప్యాట్సీ, ఆ పిల్లని తీసుకురమ్మని భర్తని పంపింది.

ఆ రోజు నుంచి ప్యాట్సీ ఆమెకి అక్క అయింది. తన బట్టలిచ్చింది, స్టేజీ మీద ఎలా నడవాలో చెప్పింది. కొత్తగా వచ్చిన ఈ అమ్మాయికి ఆప్రీలో ఇన్ని అవకాశాలెందుకని కొందరు గాయనులు ఒక మీటింగ్ పెట్టుకుంటే, ప్యాట్సీ లొరెట్టాని వెంటబెట్టుకుని ఆ మీటింగ్‌కే వెళ్లింది. ఇక ఎవరూ నోరెత్తలేదు. 1963 మార్చి 5న విమాన ప్రమాదంలో ప్యాట్సీ చనిపోయింది. అప్పటికి ముప్పై ఏళ్లే. మరుసటి ఏడాది పుట్టిన కవలల్లో ఒక పాపకి లొరెట్టా ప్యాట్సీ అని పేరు పెట్టుకుంది.

మొదట్లో కిట్టీ వెల్స్‌ని అనుకరించిందా?

కొంతవరకు. కిట్టీ వెల్స్ అంటే ఆమెకి ప్రాణం. తొలి రికార్డుల్లో ఆ ఛాయ స్పష్టంగా వినిపిస్తుంది. గురువు లేనివాళ్లకి తాము ఇష్టపడే గొంతే గురువు. ఆ ఛాయ పోవడానికి నాలుగైదేళ్లు పట్టింది.

సొంత పాట నంబర్ వన్ ఎప్పుడు అయింది?

1967 ఫిబ్రవరిలో. తాగొచ్చి దగ్గరికి రావద్దని భార్య భర్తకి ఖరాఖండిగా చెప్పే పాట అది. చెల్లెలు పెగ్గీ స్యూతో కలిసి రాసింది. గిటార్ కొన్న 14 ఏళ్లకి. ‘కోల్ మైనర్స్ డాటర్’ 1970 డిసెంబర్‌లో నంబర్ వన్ అయింది. మొదట ఇంకా చాలా పొడుగ్గా రాస్తే, ఓవెన్ బ్రాడ్లీ చెప్పాడని కొన్ని చరణాలు తీసేసింది. ఆ తీసేసిన చరణాల్లో ఇంకే సంగతులున్నాయో అని నాకు ఇప్పటికీ దిగులు.

సినిమా చూస్తే సరిపోతుందా?

చూడండి, బాగుంటుంది. లొరెట్టాగా నటించిన సిస్సీ స్పేసెక్ పాటలన్నీ స్వయంగా పాడింది, ఉత్తమ నటిగా ఆస్కార్ తెచ్చుకుంది. పెళ్లి వయసు మాత్రం పైన చెప్పినట్టు సరిచేసుకోండి.

కొత్తగా వినేవాళ్లు ఏ పాటలతో మొదలుపెట్టాలి?

1960 నాటి ‘హాంకీ టాంక్ గర్ల్’తో మొదలుపెట్టండి, స్టీల్ గిటార్ మీద చెవి పెట్టండి. తర్వాత 1966 నాటి ‘యూ ఎయింట్ వుమన్ ఇనఫ్’. కిట్టీ వెల్స్ ఛాయ ఎంత దూరం వెళ్లిపోయిందో తెలుస్తుంది. ఆ తర్వాత ‘విస్పరింగ్ సీ’ని రెండుసార్లు వినండి. ఒకసారి 1960లో పాడింది, ఇంకోసారి 2016లో ‘ఫుల్ సర్కిల్’ ఆల్బమ్‌లో వచ్చింది. ఆ ఆల్బమ్ మొదలయ్యేదే ఈ పాటతో. పాట మొదలుకాకముందు, తాను రాసిన మొదటి పాట ఇదే అని స్టూడియోలో ఉన్నవాళ్లకి చెప్తూ ఆమె మాట్లాడటం కూడా అందులో వినిపిస్తుంది.